ఎల్లయ్య మామ ఇంటి పిల్ల

“మరదలా, నాకూ ఒక టీ చెప్పు!”

మాదాపూర్ ఆఫీసులో, ఎనిమిదో అంతస్తు క్యాంటీన్‌లో ఆ కేక వినబడగానే, టీ తాగుతున్న నరేందర్ నోరు సుర్రుమని కాలింది. కేక వేసింది హేమంత్. పలికింది భార్గవి. ఇద్దరిదీ కడపే. ఒకరు ‘ఏమప్పా’ అంటే ఇంకొకరు ‘ఏందప్పా’ అంటూ, నరేందర్‌కు సగమే అర్థమయ్యే మాటలు చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ అర్థంకాని సగంలోనే ఏదో ఉందని అతని అనుమానం.

“చెప్పినా లే బావా, కూచో,” అంది భార్గవి.

బావా! నరేందర్ కడుపు భగ్గుమంది. తప్పెవరిదంటారా? నరేందర్ నాయనమ్మ పోచమ్మదే.

నరేందర్ ఊరు దొంతిబండ. అడవంచున ముప్పై ఇళ్ళు. అందులో పద్దెనిమిదింటికి తాళాలు. బడి ఎత్తేశారు, బస్సు ఆగిపోయింది. మిగిలినవాళ్ళు కూడా మూటాముల్లె సర్దుకునే వేళకు, భార్గవి ఒకరోజు అతని ఫోన్‌లో ఊరి ఫొటోలు చూసింది. బండ మీద ఆదిమానవులు గీసిన ఎర్ర బొమ్మలు, రాతిమెట్ల దిగుడు బావి, మట్టిగోడల ఇళ్ళు.

“ఇంత పెట్టుకుని ఊరు ఖాళీ చేస్తాండారా? సిగ్గు లేదూ మీకు?” అని తిట్టింది. ఆ తిట్టుతోనే నరేందర్ పడిపోయాడు. ఏడాదైనా ఆ ముక్క ఆమెకు చెప్పలేదు.

ఊరు చూడాలనుకునేవాళ్ళ కోసం ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన మినీబస్సు ఒకటి ఇప్పుడు ప్రతి శనివారం మాదాపూర్ నుంచి దొంతిబండకు వెళ్తోంది. వచ్చినవాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలోనే దిగాలి. మొదట్లో పోచమ్మ అడ్డం తిరిగింది.

“వరుస లేని మనిషిని ఇంట్ల ఎట్ల పండవెడ్తం బిడ్డా? ఏమని పిలువాలె?”

సరే, ఎవరింట్లో దిగితే ఆ ఇంటి బిడ్డలే అని తేల్చారు. భార్గవి దాన్నే వెబ్‌సైట్‌లో పెట్టింది. సీటు బుక్ చేస్తే చాలు, ఒక కార్డు వస్తుంది. మీరు దిగే ఇల్లు ఇది, ఊళ్ళో ఎవరు మీకు ఏమవుతారు అని. జనం దానికే ఎగబడ్డారు. ఐదిళ్ళ తాళాలు తెరుచుకున్నాయి.

భార్గవి దిగింది నరేందర్ మేనమామ ఎల్లయ్య ఇంట్లో. అంటే నరేందర్‌కు మేనమరదలు! వారం రోజులు అతని కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ తర్వాత ఫొటోలు తీస్తానంటూ హేమంత్ వచ్చి పోచమ్మ ఇంట్లో దిగాడు. పోచమ్మ మనవడయ్యాడు, నరేందర్‌కు తమ్ముడయ్యాడు. కనక భార్గవికి వాడూ బావే.

అసలు బావకు ‘మరదలా’ అనడానికి నోరు పెగల్లేదు. ఈ కొత్త బావ రోజుకు నలభైసార్లు అంటున్నాడు.

గురువారం ఇన్‌స్టాలో ఒక ఫొటో పడింది. దిగుడు బావి మెట్ల మీద హేమంత్, పక్కన పగలబడి నవ్వుతూ భార్గవి. కింద రాత: ‘బావి దగ్గర బావ’. నాలుగు వందల లైకులు. వాటిలో భార్గవిది కూడా ఒకటి.

నరేందర్‌కు ఒళ్ళు మండిపోయింది. ఎవరికి ఏ ఇల్లో రాసేది తనే కనక వెబ్‌సైట్ తెరిచాడు. హేమంత్‌ను ఎల్లయ్య ఇంటికి మార్చి ఆమెకు అన్నను చేద్దామంటే, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఛీ, అది ఇంకా నరకం. అదే భార్గవిని పోచమ్మ ఇంటికి మారిస్తే? ఇల్లొకటే అయినా నాయనమ్మ కాపలా ఉంటుంది, ఆమె పక్కనే పడుకుంటుంది, హేమంత్‌కు చెల్లెలవుతుంది! ‘ఇగ అను బిడ్డా, మరదలా అని,’ అనుకుంటూ సేవ్ నొక్కాడు. అప్పుడు గానీ కడుపు చల్లబడలేదు.

మర్నాడు లిఫ్టులో ఎదురైంది భార్గవి.

“గుడ్ మార్నింగ్, నరేందరన్నా.”

“ఏంది? అన్నా ఏంది?”

“కార్డు వచ్చింది గదా. నేను పోచమ్మవ్వ మనవరాలినంట. నువ్వు ఆమె మనవడివి. అన్నా అనక ఏమనల్ల?”

తను కూడా ఆ ఇంటివాడేనన్న సంగతి అప్పుడు వెలిగింది మహానుభావుడికి. “భార్గవీ, జర ఆగు, అది మిస్టేక్...”

“మార్చింది నువ్వే. సిస్టమ్‌లో నీ పేరే ఉండాది. నేను నీకు చెల్లెల్ని అనుకుంటే నోటితో చెప్పుండొచ్చు గదా? రేపు నేను రాను. ఇంక ఎప్పుడూ రాను. మీ ఊరు మీరే చూసుకోండి.”

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఆమె వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నరేందర్ ఆరో అంతస్తులో దిగాల్సినవాడు మళ్ళీ కిందికి వచ్చి, మెట్లమీద కూలబడ్డాడు. అంతలో ఫోన్ మోగింది. పోచమ్మ.

“ఏంరా, దిమాగ్ ఖరాబైందా? రేపటి లిస్టుల ఆ పిల్లను నా ఇంట్లకెందుకు మార్చినవ్?”

“ఏదో... అయిపోయింది నాయినమ్మా.”

“మొట్టమొదలు వచ్చిననాడే నా చెవుల అడిగింది. ‘అవ్వా, నేను నరేందర్‌కి చెల్లెలు కాకూడదంటే ఏ ఇంట్లో దిగల్ల’ అని. నేనే ఎల్లయ్య ఇంటికి తోలిన. ఏడాది సంది ఊరందరికి ఎరుకనే. నీకొక్కనికే ఎరుకలేదు!”

నరేందర్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమెకు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

శనివారం పొద్దున సన్నగా వాన. మెట్రో స్టేషన్ కింద మినీబస్సు నిండింది. రెండే సీట్లు ఖాళీ. ఒకటి భార్గవిది. రెండోది తెల్లారుజామున ఎవరో ఈశ్వరయ్య, నిజాంపేట అని బుక్ చేశారు. ఇల్లు ఇంకా కేటాయించలేదు.

“ఒక మాట చెప్పనా?” అన్నాడు హేమంత్, కెమెరా సంచి భుజాన వేసుకుంటూ. “పోయిన నెల నేను అడిగినా ఆ పిల్లని. వరుసకే బావవి, ఆశలు పెట్టుకోవద్దు అనింది. అందుకే నిన్ను చూస్తే నాకు కుళ్ళు. నువ్వు ఉడుక్కుంటావనే అంత గట్టిగా పిలిచేవాణ్ణి.”

ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నవాడే తనను చూసి కుళ్ళుకున్నాడా! నరేందర్ నోరు తెరిచేలోపే ఒక స్కూటీ వచ్చి ఆగింది. నడుపుతున్నది భార్గవి. వెనక హెల్మెట్ పెట్టుకుని ఎవరో.

“నేను రాలేదు. మనిషిని దించడానికి వచ్చినా,” అంది, ఎటో చూస్తూ.

నరేందర్ వానలోకి నడిచాడు. “హేమంత్ నిన్ను మరదలా అంటుంటే ఓర్వలేకపోయిన. కుళ్ళుతోటి ఆ పని చేసిన. నువ్వు నాకు చెల్లెలెట్లయితవ్ భార్గవీ? నువ్వంటే నాకు పానం. సిగ్గు లేదా అని తిట్టినవ్ చూడు, ఆనాటి సంది.”

బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. భార్గవి కళ్ళు తుడుచుకుంది. అది వానే అనుకోమన్నట్టు ముఖం పెట్టింది.

వెనక మనిషి హెల్మెట్ తీశాడు. తెల్లటి మీసం.

“మా నాయన,” అంది భార్గవి మెల్లగా. “నిన్నంతా ఎందుకు ఏడ్చినానో చూస్తానని బయలుదేరినాడు.”

నరేందర్ గబుక్కున చేతులు జోడించాడు.

ఈశ్వరయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. “నాకే ఇల్లు ఇచ్చినారప్పా?”

“ఎల్లయ్య మామ ఇల్లు సార్. ఆయనకు మీరు తమ్ముని వరుస.”

“మరి నీకేమయితా?”

నరేందర్ ఒకసారి భార్గవి వైపు చూశాడు.

“మామయితరు సార్.”

“మామయితే మళ్ళా సార్ ఏంది?” ఈశ్వరయ్య బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగాడు. “ఊరు చేరేలోపల ఇంకో పదిసార్లు పిలువు. నాకూ అలవాటు కావల్ల గదా. పాపా, బండి యాడన్నా పక్కన పెట్టి రా. నీ సీటు ఖాళీగా ఉండాది.”