అక్కిడి పట్టిన చెయ్యి

శనివారం కురిసిన వానకు ఎర్రనేలల్లో మంచి పదును దిగింది. ఆదివారం తెల్లారేసరికి ఊళ్లో ఎద్దులున్న వాళ్లంతా చేలకు పోయారు. పరమేష్‌కు ఎద్దుల్లేవు. ఎద్దులు అరువిస్తానన్న ఈరప్ప తన చేను విత్తుకుని కాడిని వదిలేసరికి పొద్దు పడమటికి వాలింది. గుట్ట వారనున్న పరమేష్ చేనికి దారి ఇరుకు, రాళ్లు ఎక్కువ, ట్రాక్టరు పోదు. ఇప్పుడు విత్తకపోతే పదును ఆరిపోతుంది.

అయినా ఇంటి ముందు మాటలు తెగడం లేదు.

"బిడ్డను ఆ చేన్లేకి తీస్కపోవద్దుమ్మే," అంది పరమేష్ తల్లి గిడ్డమ్మ, మంచం మీద కాళ్లు చాపుకుని.

"అక్కిడి ఎవురు పడతారు? నువ్వొస్తావా అత్తా?" విత్తనాల గంప ఎత్తుకుంటూ కోడలు మహాదేవి అడిగింది.

"నా మోకాలు సూడు, ఎట్ల ఊదిండాదో."

"సూసినా. అందుకే బిడ్డను పిలుస్తాండా."

"కన్నది ఆడనే ఉండాది. బిడ్డను అడుగుతాది."

"అడగనీలే. జవాబు నేను చెప్తా."

కన్నది అంటే సుంకమ్మ, పరమేష్ మొదటి భార్య. కూతురు భువన దోగాడే నాడు, ఆ చేలోనే కంది సాళ్లలో కలుపు తీస్తుంటే పాము కరిచింది. ఇంటికి మోసుకొచ్చారు. ఆటో వచ్చేలోపే ప్రాణం పోయింది. మరుసటి ఏడు మహాదేవి ఈ ఇంటికి వచ్చింది. తాళితో పాటు ఆమె మెడలో చిన్న వెండి బిళ్ల ఉంటుంది, సవతమ్మ బిళ్ల. చనిపోయిన మొదటి భార్యను రెండో భార్య అట్లా మెడలో మోయాలి. కొత్త చీర ఏది వచ్చినా ముందు సవతమ్మకు పెట్టి, ఆ తరువాత తాను కట్టుకోవాలి. మహాదేవి ఇవన్నీ చేసింది. తనకంటూ బిడ్డలు పుట్టలేదు. భువనకు చంకనెత్తుకుని సంగటి ముద్దలు తినిపించింది, జ్వరమొస్తే వీపున వేసుకుని ఆస్పత్రికి నడిచింది. బడిలో తల్లి పేరు అడిగితే ఆ పిల్ల చెప్పేది మహాదేవి పేరే.

చేలో పని మొదలైంది. పరమేష్ కాడిని తోలుతున్నాడు. గొర్రు వెనక నడుస్తూ మహాదేవి కుడిచేత్తో బుడ్డల విత్తనం, అంటే వేరుశనగ, గొర్రు మీది కొయ్యగిన్నెలోకి విడుస్తోంది. ఆమె వెనక భువన అక్కిడి పట్టుకుంది. అక్కిడి అంటే గొర్రుకు తాడుతో కట్టి వెనక లాగే ఒంటి వెదురు గొట్టం. వేరుశనగ మధ్య కంది సాలు పడేది దాంతోనే. పిల్ల ఒడిలో కందులు నిలవవని మహాదేవి తన నడుముకు సంచి కట్టుకుంది. భువన "అమ్మా, ఇత్తనం" అన్నప్పుడల్లా ఎడమచేత్తో గుప్పెడు తీసి వెనక్కి చాపుతుంది. చిన్న చెయ్యి అందుకుంటుంది. మహాదేవి తల తిప్పదు. విత్తే మనిషి వెనక్కి చూస్తే సాలు వంకర పోతుంది. ఎడం పడిన చోట మొలక రాదు. పెళ్లికాక ముందే ఆమెకు ఒంటబట్టిన పని అది.

పొద్దు గుట్ట వెనక్కి జారింది. తడిసిన మట్టి వాసన. కాడి కిర్రుమంటోంది. వెనక వెదురు గొట్టంలో కందులు జారుతున్న సన్నని గలగల, తెంపు లేకుండా.

"అలిసిపోయినావా తల్లీ?"

జవాబు లేదు. చెయ్యి మాత్రం వచ్చింది. ఆమె గుప్పెడు పెట్టింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ పెట్టింది. పిల్ల అలిగిందేమో అనుకుంది. మబ్బు కమ్మి చీకటి ముందే దిగుతోంది. వేళ్లు తగిలినప్పుడు చల్లగా ఉన్నాయి. వానగాలి కదా అనుకుంది.

సాలు చివర గట్టు దగ్గర ఎద్దులు నిలబడిపోయాయి. పరమేష్ అదిలించాడు. అవి ముట్టెలు పైకెత్తి ఊదుతున్నాయి గానీ మళ్లడం లేదు.

అప్పుడు మహాదేవి తలెత్తి గట్టు వైపు చూసింది.

గట్టు మీద గోనెసంచి పరుచుకుని భువన కూర్చుని ఉంది. అరికాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు గీరుకుంటోంది.

"నువ్వు... ఎప్పుడొచ్చినావే ఈడికి?"

"శానా సేపాయ. ముల్లిరిగింది. నాయనకు చెప్పొచ్చినా గదా."

"నాకు చెప్పింది," అన్నాడు పరమేష్, ఎద్దుల ముకుతాడు పట్టుకుని. "అక్కిడి గూడ నువ్వే పడతాండావనుకుంటిని."

కాడి ఆగింది. గొర్రు ఆగింది. వెనక గొట్టంలో కందులు జారుతూనే ఉన్నాయి. గలగల... గలగల...

తరువాత అదీ ఆగింది.

ఎడమ నడుము దగ్గరికి ఒక చెయ్యి వచ్చింది. ఆమె అరచేతిలో తన అరచెయ్యి పెట్టింది. పెద్ద చెయ్యి. కలుపు తీసిన చెయ్యి, బొటనవేలి పక్కన కొడవలి పట్టి కాసిన కాయ. చెవి దగ్గర ఊపిరి లేదు. మాట మాత్రం ఉంది, ఎండుటాకు కదిలినంత.

"ఇత్తనం చాలు... బిడ్డనియ్..."

మహాదేవికి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే గట్టు మీద బిడ్డ ఒక్కతే మిగులుతుంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. తిప్పి ఆ మణికట్టునే పట్టుకుంది.

"ఇనక్కా," అంది, పదం పదం నొక్కి. "ప్రతి పండక్కీ నా కోక ముందు నీకే పెడతాండా. నువ్వు కట్టి ఇడిసిందే నేను కడతాండా. నిన్ను మెడలో మోస్తాండా. ఒక్కనాడన్నా ఎదురు చెప్పినానా?"

చెయ్యి కదల్లేదు.

"ఈ సాలు నీది. పండిన కంది నీ పేరున వండుతా. ఇంకేమన్నా అడుగు. బిడ్డను మాత్రం ఇయ్యను. కన్నది నువ్వే, కాదనల్యా. సాకింది నేను. కావాలంటే నన్ను దాటి తీస్కపో."

గాలి ఆగిపోయింది. ఆమె పట్టులో మణికట్టు ఉంది... ఉంది... తరువాత లేదు. వెనక తాడు వదులై, వెదురు గొట్టం నేల మీద పడిన చప్పుడు.

"ఎవురితో మాట్లాడతాండావు?" అన్నాడు పరమేష్.

"నీ పెండ్లాంతో." మహాదేవి గట్టెక్కి భువనను చంకకు ఎత్తుకుంది. "ఎద్దులిప్పు. ఇంటికి పోదాం."

భువన ఎత్తుకునే వయసు పిల్ల కాదు. అయినా దించలేదు. దారిలో ఎక్కడా వెనక్కి చూడలేదు. సగం దూరానికే పిల్ల భుజం మీద నిద్రపోయింది. ఊరి దీపాలు కనపడగానే మహాదేవి ఊపిరి వదిలింది. ఇయ్యలేదు. తనతోనే తెచ్చుకుంది.

గిడ్డమ్మ గడప మీదే కూర్చుని ఉంది. కొడుకు ముఖం చూసి పక్కకు జరిగి దారిచ్చింది. మహాదేవి పిల్లను మంచం మీద పడుకోబెట్టి కొంగుతో అరికాలి మట్టి తుడిచింది.

భువన కళ్లు తెరవలేదు. పెదవులు కదిలాయి.

"అత్తా... నీళ్లు..."

భువన గిడ్డమ్మను ఎప్పుడూ జేజీ అనే పిలుస్తుంది. ఆ ఇంట్లో ఆమెను అత్తా అని పిలిచేది కోడలు ఒక్కతే.

గిడ్డమ్మ గోడ పట్టుకుని లేచింది. ఊదిన మోకాలు ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"ఇయ్యొద్దు," అంది గుసగుసగా. "ఆ పొద్దు గూడ ఇట్లే అడిగె. ఈ మంచం మీదనే. పాము కరిసినోళ్లకు నీళ్లిస్తే ఇసం ఎక్కుతాదని... నేనే ఇయ్యనీల్యా. ఎవురినీ ఇయ్యనీల్యా. అడిగి అడిగి పాయ."

"అత్తా... నీళ్లు..."

పరమేష్ వాకిట్లోనే నిలబడిపోయాడు. మహాదేవి అత్తను పక్కకు జరిపి, కడవలో చెంబు ముంచింది. పిల్ల తల కింద చెయ్యి పెట్టి లేపింది.

"నువ్వెవురైనా సరే, తాగు," అంది. "తాగి పో. బిడ్డ ఈడనే ఉంటాది."

పిల్ల తాగింది. గుటక గుటకకూ గొంతు కదిలింది. చుక్క కింద పడలేదు. చెంబు ఖాళీ అయింది.

మహాదేవి దీపం దగ్గరికి జరిపి చూసింది. పిల్ల పెదవులు ఎండి, పగిలి ఉన్నాయి. నాలుక మీద తడి లేదు.

"అత్తా..."

మహాదేవి చెంబు మళ్లీ ముంచింది.