రోలు కనిపించే నీరు

పడవ అడుగున అమర్చిన అద్దం పలక మీదికి వంగి ఓబులమ్మ నీళ్లలోకి చూస్తోంది. పక్కన కోడలు ఇందుజ నీటిలోని పోషకాలను కొలిచే నీటిగుణిని చేతిలో పట్టుకుని చూసుకుంటోంది. ఆమె ఈ జలాశయానికి శ్రేణి అధికారి.

వాగుల నీటిని కొలిచి వడగట్టే తేటజల్లెడలు వచ్చాక ప్రతి చెరువుకూ ఒక శ్రేణి ఏర్పడింది. నీటిలో భాస్వరం, నత్రజని తగ్గితే నాచు తగ్గుతుంది, చేప తగ్గుతుంది, నీరు తేరుకుంటుంది. అది అల్పపోషక శ్రేణి. తాగడానికి ఆ నీరే వెళ్తుంది. కొండమడుగు జలాశయం ఆ శ్రేణికి చేరిన ఏడాది, అడుగున మునిగిన ఊరు పైకి కనిపించింది. మట్టిగోడలు ఎప్పుడో కరిగిపోయాయి. నేలలో పాతిన రోళ్లు మిగిలాయి, ఇంటికొకటి. ముంపువాళ్లు పడవలెక్కి వచ్చి, రోలును బట్టి ఇల్లు గుర్తుపట్టేవాళ్లు.

"అదో మ్మే, అంచు పగిలిండాదే, అది మనది. మీ మామ గొడ్డలి నూరతా పగలగొట్నాడు."

"ఊరుకున్నావా అత్తా?"

"యాడ! ఉప్పులేని కూడు పెడితే దావకొచ్చినాడు."

ఇద్దరూ నవ్వారు. ఇందుజ నవ్వు నీటిగుణి మీద ఆగిపోయింది. నీరు మధ్యపోషక శ్రేణి వైపు జారుతోంది. పచ్చదనం ఒడ్డున కాక, సరిగ్గా ఊరి మీదే మొదలైంది. శ్రేణి పడిపోతే పడవలు ఆపమని ఉత్తర్వు ఇవ్వాల్సింది తనే.

"ఈ పోషకం ఎక్కణ్ణించి వస్తోందో తెలియడం లేదత్తా."

ఓబులమ్మ కొంగుముడి విప్పింది. గుప్పెడు బియ్యం, బెల్లం ముక్క. అందులో సగం నీళ్లలో వదిలింది.

"అత్తా! ఏంటది?"

"ఊరు ఇడిసిన పొద్దు లారీవాడు తొందర పెడితే రోలు వట్టిగా ఇడిసిపెట్టి వచ్చినాం. వట్టి రోలు ఇంటికి మంచిది గాదు. అందరూ యేస్తాండారులే."

ఇందుజ తలెత్తింది. ప్రతి పడవ అంచునా ఒక చేయి నీళ్ల మీదికి చాచి ఉంది. వాగుల్లో వచ్చే ఎరువునూ మురుగునూ లెక్కగట్టిన జల్లెడలు దీన్ని లెక్కగట్టలేదు.

"మీరు వేసేదే నాచుకి తిండి. ఇలాగే వేస్తే నీళ్లు పచ్చబడి, రోలు మళ్లీ కనిపించదు."

ఓబులమ్మ గుప్పిట మూసుకుంది. అద్దంలోంచి పగిలిన అంచుకేసి చూసింది.

"సూడ్డం నాకోసరం మ్మే," అంది. "ఇది దానికోసరం."

గుప్పిట తెరిచింది. గింజలు తిరుగుతూ కిందికి దిగసాగాయి.

ఇందుజ నీటిగుణిని ఒళ్లో బోర్లించి, అత్త పక్కనే పలక మీదికి వంగింది, అవి రోట్లో పడతాయో లేదో చూడాలని. నీరు ఇంకా తేటగానే ఉంది.