కమ్మరి కొట్టేసిన ముద్ర

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కారుమేఘాలు సూర్యబింబాన్ని మింగేశాయి. పట్టపగలే కటికచీకటి! దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు... ఎక్కడో ఒక గుడ్లగూబ వికృతంగా కూసింది.

పాత పనిముట్ల దుకాణంలో దీపం ముందు గుర్తులాయన బిక్కచచ్చి కూర్చున్నాడు. సుత్తి అయినా, ఉలి అయినా, దాని మీది ముద్రనూ మెరుగునూ చూసి ఏ కాలానిదో ఇట్టే చెప్పేయడం ఆ ముసలాయన విద్య. అందుకే ఆ పేరు.

ఎదురుగా మాంత్రికుడు! నిప్పుకణికల్లాంటి కళ్లు... ఒడిలో కపాలం! బల్ల మీద అచ్చుగుద్దినట్టు ఏడు గొడ్డళ్లు. మూడు రోజుల కిందట వాటిని ఇక్కడ వదిలి వెళ్లింది వాడే. ఏడింటినీ తుడిచి సర్దిన గుర్తులాయన కూతురు ఆ క్షణం నుంచీ తనది కాని మగగొంతుతో గర్జిస్తోంది. పక్కగదిలో మంచానికి కట్టేశారు.

"వీటిలో ఒక్కటే అసలుది. నూరేళ్ల కిందట నరబలి ఇచ్చిన గొడ్డలి! మిగతావి నకళ్లు," అన్నాడు మాంత్రికుడు. "అదేదో చెప్పు, పిల్లను వదిలేస్తా. తప్పు చెప్పావో... పొద్దుగూకేసరికి శవమే!"

"చెప్తానయ్యా... దాన్నేం చెయ్యకు."

గుర్తులాయన భూతద్దం తీశాడు. రెండింటి మీద అచ్చులో పోతపోసిన అతుకుగీత. మూడింటి మీద యంత్రపు సానగీతలు. ఈ ఐదూ కొత్తవే! ఆరోదానికి ఒళ్లంతా తుప్పు గుంటలే గానీ ముద్ర లోపల తళతళ... తుప్పు పట్టించాక కొట్టిన దొంగముద్ర!

ఏడోది... ఇనుముకు ఉక్కు అంచును కొలిమిలో అతికిన వంకరగీత! చేతుల రాపిడికి నల్లగా నునుపెక్కిన మెరుగు. ఒక్కో అక్షరం విడిగా కొట్టిన ముద్ర. దాని మీద అడ్డంగా మూడు ఉలిగాట్లు! గాట్లలోనూ ముద్రలోనూ ఒకే వయసు తుప్పు...

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదే అసలుది. కానీ ముట్టుకోకు! చేసినవాడే తన ముద్రను ఉలితో కొట్టేసుకున్నాడు. నెత్తురు తాగిందని వెలివేశాడయ్యా దీన్ని!"

"చచ్చిన కమ్మరి నన్నేం పీకుతాడురా!" మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. గొడ్డలిని పైకెత్తి మంత్రం అందుకున్నాడు.

ఠంగ్!

కంటికి కనిపించని సమ్మెట దెబ్బ! కపాలం పిండి పిండి అయింది. ఠంగ్! మాంత్రికుడి భుజం విరిగింది. గొడ్డలి ఎర్రగా కాలి అరచేతికి అతుక్కుపోయింది... వదిలించుకోలేక గిలగిలా తన్నుకున్నాడు.

"కాపాడు! ముసలోడా, కాపాడూ!"

ఠంగ్! ఠంగ్! ఆ అదృశ్యహస్తం పనితనం ఎరిగిన కమ్మరిది... దెబ్బ దెబ్బకూ వాడి దేహం పలకలా సాగింది, మండింది, బూడిదై నేల రాలింది! కొలిమి తిత్తి ఊదినట్టు సుడిగాలి వచ్చి ఆ బూడిదను వీధిలోకి ఊడ్చుకుపోయింది.

నిశ్శబ్దం...

"నాన్నా... చేతులు నొప్పెడుతున్నాయి. కట్లు విప్పవా?"

కూతురి గొంతే! గుర్తులాయన పక్కగదిలోకి పరుగెత్తాడు. పాతికేళ్ల పిల్ల తల ముగ్గుబుట్టలా తెల్లబడిపోయి ఉంది.

"ఏంటి నాన్నా, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు తల్లీ," అన్నాడాయన, గోడకున్న అద్దాన్ని వీపుతో మూసేసి.