నెత్తుటి మీద దుమ్ము

మూడో దెబ్బకు ప్రేమ్‌సింగ్ పెదవి చిట్లింది.

ఎల్లారెడ్డి ఊరి నడిబజారు. కరెంటు స్తంభానికి అతన్ని నైలాన్ తాడుతో కట్టేశారు. ఎవడో పెట్రోల్ సీసా తెచ్చాడు.

"అంటువెట్టుండ్రి కొడుకును!"

ఎస్సై సింధూజ గుంపును చీల్చుకుని వచ్చింది. లాఠీ ఒక్క వేటు. సీసా భళ్లున పగిలింది.

"ఎవడన్న ముట్టుకుంటే మర్డర్ కేసు పెడ్త!"

"చంపిందే వాడు మేడం!" భీమేష్ అరిచాడు. "దసరాకు బూజు దులుపుతానికి పిలిస్తే, మా పెద్దమ్మను రోకలితోని కొట్టి చంపిండు!"

అతని ఎడమ కన్ను ఎర్రబడి, నీరు కారుతోంది.

"నేను చంపలే," ప్రేమ్‌సింగ్ మూలిగాడు. "ముందటి అర్రే దులిపిన. నడిమి అర్రకు పోనే లేదు. చాయ్ తాగొస్తనని పోయిన. అప్పుడు మంగవ్వ మంచిగనే ఉండె."

కానిస్టేబుల్ పర్శరాములును స్తంభం దగ్గర కాపలా పెట్టి, సింధూజ భీమేష్‌తో ఇంట్లోకి నడిచింది.

ముందుగదిలో టీవీ, మంచం, బియ్యం డ్రమ్ము. అన్నిటి మీదా పాత చీరలు కప్పి ఉన్నాయి.

మధ్యగదిలో మంగవ్వ శవం. తల పగిలింది. నెత్తురు గడప దాకా పారింది. పక్కనే రోకలి, బూజుకర్ర. పైన ఫ్యాన్ రెక్కలు తళతళలాడుతున్నాయి.

ఇక్కడ మంచం మీద ఏమీ కప్పలేదు. తాగేనీళ్ల బిందెకు మూత లేదు. మూలల్లో బూజు అలాగే వేలాడుతోంది.

సింధూజ వంగి చూసింది. నల్లటి దుమ్ము. నెత్తుటి కింద కాదు, నెత్తుటి మీద.

"ఎప్పుడొచ్చినవ్?"

"గిప్పుడే, కామారెడ్డి నుంచి వచ్చిన. చూడంగనే లొల్లి వెట్టిన."

"లోపలికి పోయినవా?"

"లే మేడం. గడప కాడ్నే ఆగిన."

"కన్నుకేమైంది?"

"ఏడ్సిన. పెద్దమ్మ గదా..."

"ఒక్క కన్నుతోనే ఏడ్సినవా?"

భీమేష్ రోకలి అందుకున్నాడు. విసురుగా వచ్చిన దెబ్బ సింధూజ భుజానికి తగిలింది. పళ్లు బిగించి ఆమె లాఠీ తిప్పింది. మోకాలి చిప్ప పగిలిన చప్పుడు. అతను కూలాడు. జుట్టు పట్టి, కనురెప్ప ఎత్తింది. లోపల నల్లటి నలక.

"ఇల్లు తన బిడ్డ పేరు మీద చేస్తనన్నది!" అతను గావుకేక పెట్టాడు. "మరి నేనేడికి పోవాలె?"

బేడీలు వేసి బజారులోకి ఈడ్చుకొచ్చింది. ముందు ప్రేమ్‌సింగ్ తాడు కోసింది. అతను ఆమె కాళ్ల దగ్గరే కుప్పకూలాడు.

"నెత్తురు ముందు పడ్డది. దుమ్ము తర్వాత పడ్డది," సింధూజ గొంతు బజారంతా వినిపించింది. "చంపినంక ఫ్యాన్ దులిపిండు. పనోడే చంపిండని మీరు నమ్మాలె గదా! గని జన్మల బూజుకర్ర పట్టినోడు కాదు. కింద బట్ట కప్పలే. మొఖానికి తువ్వాల కట్టలే. ఫ్యాన్ కిందనే నిలవడి మీదికి చూసిండు. దుమ్మంత కంట్లె వడ్డది."

పెట్రోల్ తెచ్చినవాడు మెల్లగా వెనక్కి జరిగాడు.

"ఏడికిరా? ఇని పో. మంగవ్వను చంపింది భీమేష్!"