దీవానుగారి తోటలో పిలుపు

విజయనగరంలో కోట వెనక ఒక సందు ఉంది. దాని పక్కనే దీవానుగారి తోట. ఏ దీవానో, ఏ కాలపు దీవానో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. బంగళా కప్పు కూలిపోయింది. ప్రహరీగోడ అక్కడక్కడా పడిపోయింది. లోపలంతా తుమ్మలూ, ముళ్ళకంపలూ… వాటి మధ్య ఎక్కడో ఒక పాడుబడ్డ నుయ్యి.

దీపాలవేళ దాటితే మగవాడెవడూ ఆ సందులో ఒంటరిగా నడవడు.

ఎందుకంటే అక్కడ పేరు పెట్టి పిలుస్తుంది. ఊరికే పిలవదు… ఆ మనిషి పెళ్ళాం గొంతుతో పిలుస్తుంది. పలికినవాడు మళ్ళీ ఇల్లు చేరడని ఊళ్ళో మాట.

ఇది నేను కల్పించింది కాదు. నాకు దెయ్యాలంటే భయం. అది ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. భయం ఉన్నవాడు ఇలాంటివి కల్పించుకోడు, వద్దన్నా చెవిన పడతాయి. మా నరసన్నపేట పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు జగన్నాధం చెప్పగా విన్నాను. విన్న రాత్రి దొడ్లోకి వెళ్ళడానికి మా ఆవిణ్ణి లేపాను. ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ.

అరవై ఎనిమిదో సంవత్సరం చలికాలం అది. అంత చలి మళ్ళీ చూడలేదు. పొద్దున్న ఎనిమిదైనా ఎదురిల్లు కనబడేది కాదు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోతే, తలంటుకోవాలనుకున్న ఆడవాళ్ళు సీసాని ఎండలో పెట్టి కాపలా కూర్చునేవారు. ఎద్దులకి గోనెలు కప్పి ఆసుపత్రికి తోలుకొచ్చేవారు రైతులు. మేం వాటికి మందు పట్టేదానికంటే చేతులు కాచుకునేదే ఎక్కువ.

అలాంటి చలిలో జగన్నాధం సెలవు పెట్టి, పెళ్ళాన్ని తీసుకుని విజయనగరం చూడ్డానికి వెళ్ళాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆవిణ్ణి ఏ ఊరూ తిప్పలేదు. పిల్లల్లేరు. ఇద్దరూ ఒకరికొకరే. తాయారు అతని మేనమామ కూతురు, చిన్నప్పట్నుంచీ "బావా" అనే పిలుపు. పేరు మాత్రం పొరపాటున కూడా నోటెంట రానివ్వదు. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట, అంతే. పూరీ వెళ్ళొచ్చినవాళ్ళు ప్రసాదం పెడితే కళ్ళకద్దుకుని "పూరీ సామి" అంటుంది తప్ప ఆ స్వామి పేరు కూడా ఎత్తదు. మేం ఆటపట్టించేవాళ్ళం. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

విజయనగరంలో స్టేషను దగ్గర సత్రంలో దిగారు. అసిరయ్య అనే జట్కావాడు కుదిరాడు. రెండు రోజులు కోట చూశారు, గంటస్తంభం చూశారు, పెద్దచెరువు గట్టున కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నారు. పైడితల్లమ్మ గుళ్ళో పూజారి భర్త పేరడిగితే తాయారు చటుక్కున జగన్నాధాన్ని ముందుకు తోసిందట. పూజారి కూడా నవ్వాడట. ఆవిడ అంత సంతోషంగా ఉండగా తను ఎప్పుడూ చూడలేదన్నాడు జగన్నాధం.

మూడోనాడు సాయంత్రం కోట దగ్గర గుర్రం కుంటడం మొదలెట్టింది.

"ఇంక మిమ్మల్ని లాగనేదు బాబూ. నాను కాళీ బండితో దీన్ని పెద్దరోడ్డమ్మట నడిపించుకొని ఎల్తాను. మీరూ నా ఎనకే రండి," అన్నాడు అసిరయ్య.

"ఈ సందంట ఎల్తే సత్రం దగ్గర కదేటి?" అన్నాడు జగన్నాధం.

అసిరయ్య గొంతు తగ్గించాడు. "దగ్గరే. గాని ఎల్లకండి బాబూ. దీవానుగారి తోటలో పేరెట్టి పిలుస్తాది. ఇంటిది పిలిసినట్టే ఉంటాది. పలికితే మరి రారు."

జగన్నాధం పకపకా నవ్వాడు. పెళ్ళాం ముందు ఆమాత్రం నవ్వకపోతే ఎలా? "మా ఇంటిది నన్ను పేరెట్టి పిలవడమేటి? పిలిస్తే అది దెయ్యవేనని అక్కడికక్కడే తెలిసిపోద్ది!" అన్నాడు.

తాయారు నవ్వలేదు. "సుట్టు తిరిగి ఎల్దాం బావా," అంది మెల్లిగా.

"సలికి సచ్చిపోతన్నాను. రా."

సందులో నాలుగడుగులు వేసేసరికి మంచు దిగింది. చీకటి కూడా అప్పుడే కమ్ముకుంది. జగన్నాధం ఉన్ని మఫ్లరు రెండు చెవుల మీదుగా గట్టిగా చుట్టుకుని ముందు నడిచాడు. తాయారు వెనక. మన ఆడవాళ్ళు పక్కన నడవరు కదా… రెండడుగులు వెనకే వస్తారు, మగాడు తిరిగి చూడకుండా పోతుంటాడు. నేనూ అంతే.

"సంపేస్తన్నాదే సలి," అన్నాడు.

"ఊఁ," అంది వెనకనుంచి.

ఎడమవైపు తోట గోడ మొదలైంది. గోడ మీంచి తుమ్మకొమ్మలు సందులోకి వాలి ఉన్నాయి. మంచు నీళ్ళు బొట్టు… బొట్టు… కింద పడుతున్నాయి. వాటి కింద నుంచి పోవాలంటే ఒళ్ళు కుంచించుకుపోయింది. అడుగు పెంచాడు.

"రేపు రామతీర్థం ఎల్దాం, ఏటి?" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఊఁ" లేదు.

అలిగింది కాబోలు అనుకున్నాడు. ఇంకొంచెం దూరం నడిచాడు.

"ఏటే, పలకవు?"

మఫ్లరు ఒక చెవి మీంచి జరిపి వెనక్కి తిరిగాడు.

సందు ఖాళీ. తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. మనిషి లేదు, అడుగుల చప్పుడు లేదు.

"తాయారూ" అని పిలవబోయాడు.

అప్పుడు వినిపించింది. గోడ అవతల, తోట లోపల్నుంచి…

"జ… జగ… న్నాధం…"

తాయారు గొంతు.

తాయారు గొంతే, సందేహం లేదు. కానీ తాయారైతే "బావా" అంటుంది. చచ్చినా పేరు పెట్టదు. అంటే ఇది తాయారు కాదు… తాయారు గొంతు వేసుకున్న మరేదో!

"జగన్నాధం…!"

ఈసారి తడబాటు లేదు. ముందుకంటే గట్టిగా, స్పష్టంగా, సాగదీసి పిలిచింది.

అతను పరిగెత్తాడు. ఆంజనేయ దండకం మొదలుపెడితే రెండో ముక్క గుర్తు రాలేదట. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. వెనకనుంచి పిలుపు వస్తూనే ఉంది, ఉండుండి… ఉండుండి… తాయారు భయపడి వెనక్కి పోయుంటుంది, లేదా ఎలాగో తనని దాటి సత్రానికి చేరుంటుంది. ఏదో ఒకటి అనుకోవాలి కదా. అనుకుంటూ పరిగెత్తాడు.

సందు చివర జట్కాల స్టాండు. చలిమంట. అప్పుడే వచ్చిన అసిరయ్య గుర్రం కాలు తడుముతున్నాడు. మంట చుట్టూ మరో ముగ్గురు బండివాళ్ళు కూర్చుని ఉన్నారు.

"పి… పిలిసింది," అన్నాడు జగన్నాధం.

అసిరయ్య లేచి నిలబడ్డాడు. "పలికేరా?"

"నేదు."

"బతికిపోనారు బాబూ…" అని, అతని వెనక్కి చూశాడు. "అమ్మేరి?"

జగన్నాధం వెనక్కి తిరిగి సందు వైపు చూశాడు.

"అమ్మేరి బాబూ?"

"ముందొచ్చీసిందేటో అనుకున్నాను…"

"ఇటెవులూ రానేదు," అన్నారు మంట చుట్టూ కూర్చున్నవాళ్ళు.

మంటలో పుల్ల చిటపటలాడింది. అప్పుడు మంచులోంచి సన్నగా తేలుతూ వచ్చింది…

"జగన్నాధం…"

గుర్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. బండివాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, దుప్పట్లు తలమీదికి లాక్కుని, మాటామంతీ లేకుండా లేచి వెళ్ళిపోయారు. ఇద్దరే మిగిలారు.

జగన్నాధం మంట దగ్గర కూలబడ్డాడు. ఆ పిలిచేది తాయారైతే తను వెళ్ళకపోతే అది చచ్చిపోతుంది. తాయారు కాకపోతే వెళ్ళి పలికిన తను చచ్చిపోతాడు. ఎటు చూసినా చావే. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో తన చావుకే ఎక్కువ భయపడ్డానన్నాడు మాతో. అలా అనగలిగిన మొగుళ్ళు ఎందరుంటారు?

కానీ ఒకటి మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. మొట్టమొదటి పిలుపు. ఆ ఒక్కటీ మిగతావాటిలా లేదు. పేరు నోరు తిరగనట్టు, ఏదో చెయ్యరాని పని చేస్తున్నట్టు, సగంలో గొంతు సన్నబడిపోయింది. గుళ్ళో పూజారి అడిగినప్పుడు సిగ్గుతో వాలిన మొహం కళ్ళముందు కదిలింది.

"అసిరయ్యా," అన్నాడు. "మొదట పిలిసినప్పుడు తడబడ్డాదిరా. సిగ్గుపడ్డాది. దెయ్యానికి సిగ్గేటి?"

"నాకు తెల్దు బాబూ."

"అది మా తాయారే."

అసిరయ్య బండి కింద వేలాడే లాంతరు తీసిచ్చాడు. ఎందుకైనా మంచిదని తాడు భుజాన వేసుకున్నాడు. "గోడ దాకా వస్తాను. లోపలికి మాత్రం రాను. నాకు పిల్లలున్నారు," అన్నాడు. తప్పు పట్టడానికేముంది? నేనైతే మంట దగ్గర్నుంచే లేచేవాణ్ణి కాను.

జగన్నాధం మఫ్లరు విప్పి మెళ్ళో వేసుకున్నాడు. మళ్ళీ అదే సందు. లాంతరు వెలుగు మంచుకి తగిలి ముందుకి పోవడంలేదు. గోడ పడిపోయిన చోట ఆగారు.

"జగన్నాధం…"

దగ్గర్లోనే. నేలలోంచి వస్తున్నట్టుంది.

పలకాలి. ఏ వైపో తెలియాలంటే పలకాలి. రెండు చేతులతో గోడ రాయి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాడు…

"ఓయ్! పలుకుతన్నాను! తాయారూ, వస్తన్నాను, వస్తన్నాను!"

పిలుపు ఆగిపోయింది.

అంతే, చటుక్కున. అంతవరకూ ఆ పిలుపుకి భయపడ్డ మనిషికి ఇప్పుడు అది లేకపోవడం ఇంకా భయమేసింది. ఏం జరగబోతోందోనని నిలబడ్డాడు. ఏమీ జరగలేదు. గోడ దాటి, ముళ్ళు గీసుకుంటుంటే లాంతరు ముందుకు చాచి, ఒక్కొక్క అడుగే వేశాడు. నాలుగు బారల దూరంలో తీగలన్నీ చీల్చుకుని నేలలో నల్లగా ఓ గుంత. వరలేని నుయ్యి.

వంగి చూశాడు.

కింద, గుండెలదాకా నీళ్ళలో, ఒక్క చేత్తో ఏదో చెట్టు వేరు పట్టుకుని తాయారు. పెదాలు నల్లబడిపోయాయి. వెలుగు చూసి తల ఎత్తింది.

"బావా," అంది.

జగన్నాధం పెద్దగా ఏడ్చేశాడు. గోడ దగ్గరున్న అసిరయ్య ఆ "బావా" విని, రానన్న మాట మర్చిపోయి ముళ్ళమీంచి దూకొచ్చాడు. తాడు వదిలారు. తాయారు చంకల కింద బిగించుకుంది. ఇద్దరూ కలిసి పైకి లాగారు.

సత్రంలో కుంపటి తెచ్చి పక్కన పెట్టారు. రెండు కంబళ్ళు కప్పారు. శొంఠి కాఫీ పట్టించారు. అసిరయ్య అమ్మవారికి దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. చాలాసేపటికి గాని ఆవిడకి పళ్ళు కొట్టుకోవడం ఆగలేదు.

"అటెందుకెల్లేవే?" అన్నాడు జగన్నాధం.

"సెప్పేను కదా బావా, కాసింత ఆగమని. రెండుసార్లు సెప్పేను. నువ్వు సెవులు కట్టుకున్నావు. దారమ్మట ఆడదానికుండే ఇబ్బంది నీకేటి తెలుస్తాది? గోడెనక్కి ఎల్లేను… కాలికింద నేల నేదు."

"బావా అని పిలవకపోయావా?"

"పిలిసేను. గొంతు పోయేలా పిలిసేను. నువ్వెలిపోతన్నావు. ఎవుల బావనీ కాదు, నిన్నే అని తెలియాల కదా… అందుకే…" ఆగిపోయింది.

జగన్నాధం ఆవిడ చేతులు పట్టుకున్నాడు. "నన్ను సెప్పుతో కొట్టవే. నువ్వలా పిలస్తా ఉంటే, ఇనీ పారిపోనాను. ఆ మంటకాడ కూసున్నంతసేపూ పిలస్తానే ఉన్నావు. మల్లా గోడ దగ్గరికొచ్చినప్పుడూ పిలిసేవు. నాను పలికేదాకా…"

తాయారు అతనివంక వింతగా చూసింది.

"నానెక్కడ పిలిసేను బావా? ఒక్కసారే. అదీ సగం నోట్లోనే ఉండిపోనాది. నీ ఆయుస్సు తగ్గిపోతాదని పళ్ళు బిగబట్టుకొని ఉన్నాను."

కుంపట్లో నిప్పులు బూడిద కప్పుకుంటున్నాయి.

"మరి… ఎవులు?" అన్నాడు.

తాయారు కంబళి మెడదాకా లాక్కుంది.

"నూతిలో నా పక్కనున్నామె. ముకం కనబడనేదు, సీకటి. పీకల్దాకా నీల్లల్లో ఉన్నాది. నాను మునిగిపోకుండా నా సెయ్యి పట్టుకున్నాది. 'నీకు బయమైతే నాను పిలుస్తాన్లే' అన్నాది."

కుంపట్లో బూడిద ఊది నిప్పులు ఎగదోశాడు జగన్నాధం.

"తాడొచ్చినప్పుడు, నువ్వూ రాయే అన్నాను బావా. రానన్నాది. 'నీ మొగుడు పలికినాడు కదే… నువ్వెల్లు' అన్నాది."