రంగు వేయని సగం

ఆ ఇంటి డాబా సగం తెల్లగా, సగం బూడిద రంగులో ఉండేది. పక్క మేడ మీద బట్టలారేసుకునే వాళ్లెవరైనా "ఏమ్మా, రంగు సరిపోలేదా?" అని అడగడం, ఇంటావిడ ఓపిగ్గా చెప్పబోవడం, ఇంటాయన కింద నుంచి "అడక్కండి! పొద్దు గూకేదాకా చెబుతుంది" అని అరవడం అక్కడ మామూలే.

నిజానికి అంత చెప్పడానికేమీ లేదు. ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. కోడిగుడ్ల పెంకుల పొడి కలిపి, ఎండను వెనక్కి కొట్టే తెల్లరంగు ఒకటి తయారుచేసింది. దాన్ని డాబాలో సగానికే వేసింది. రెండు సగాల కిందా ఉన్న గదుల్లో వేడి తేడా ఎంతో వేసవి పొడుగునా కొలిచి చూపిస్తే, వాతావరణ మార్పుకి విరుగుడు వెతికే శాస్త్రవేత్తలకిచ్చే ఫెలోషిప్ రావచ్చు. వస్తే రెండేళ్లు పాఠాలు పక్కనపెట్టి పరిశోధనే చేసుకోవచ్చు. నలభై దాటాక తలుపు తట్టిన మొదటి అవకాశం అది. చివరిది కూడా అదేనేమోనని ఆవిడ భయం.

ఆ ఆదివారం కూడా ఆవిడ పొద్దున్నే డాబా ఎక్కి థర్మామీటర్లు చూసుకుని దిగింది. భర్త పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయనకు బజార్లో కళ్లజోళ్ల షాపుంది.

"బేకరీల చుట్టూ తిరిగి పెంకులేరుకొచ్చే లెక్చరర్ని నిన్నొక్కదాన్నే చూశాను. మొన్న బేకరీ అతను నన్ను చూసి సంచీ ఏదండీ అన్నాడు."

"తీసుకెళ్లాల్సింది మరి. రేపటికి కావాలి."

ఆయన నవ్వుతూ తండ్రికి రెండో కాఫీ పట్టుకెళ్లాడు. మరుక్షణం గ్లాసు కిందపడిన చప్పుడు, ఆ వెంటనే కేక వినిపించాయి.

పెద్దాయన మంచం పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మాట ముద్దగా వస్తోంది. ఆయన గది రంగు వేయని సగం కింద ఉంది. ఎండింకా నడినెత్తికి రాకుండానే అక్కడ ఆవిరి పట్టినట్టుంది. ఇద్దరూ కలిసి హాల్లోకి తెచ్చి పడుకోబెట్టారు, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచారు. వీధి చివర డాక్టరు వచ్చి చూసి, వేడికి ఒంట్లో నీళ్లు తగ్గాయని, ప్రమాదం తప్పిందని, ఇక మీదట ఆ గది ఛాయలకి పోనివ్వొద్దని చెప్పి వెళ్లాడు.

డాక్టరు గేటు దాటాక భర్త వంటింట్లోకి వచ్చాడు.

"సంతోషమేనా? ఏ గదిలో వేడెక్కువో తేలిపోయిందిగా. రాసుకో!"

"అలా అనకండి."

"ఇంకెలా అనమంటావు? మా నాన్నేమన్నా నీ ల్యాబులో ఎలకా?"

"ఆయన్ని నేను పెట్టలేదండీ అందులో. అది ఖాళీగా ఉండాల్సిన గది. చదువుకోడానికి వెలుతురు బాగుందంటూ ఆయనే మంచం మార్పించుకున్నారు."

"వద్దని చెప్పలేకపోయావా?"

"చెప్పాను."

"ఎన్నిసార్లు?"

 ఆవిడ చెప్పింది ఒక్కసారే. మనిషున్నంత మాత్రాన కొలతలకు పెద్ద నష్టం లేదనిపించి ఊరుకుంది.  పెరట్లోకి వెళ్లి, మిగిలిన రంగు బకెట్టు, బ్రష్షు తీసుకుని మెట్ల వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"ఆ సగం కూడా వేసేస్తాను."

ఆయన కోపం సగంలో ఆగిపోయింది. "ఎల్లుండి ఫెలోషిప్ చివరి ఇంటర్వ్యూ పెట్టుకుని? ఇంకా నెల కొలవాలన్నావు?"

"కొలవను. నాకొద్దు."

"ఆ బకెట్టు కింద పెట్టమ్మా." హాల్లోంచి పెద్దాయన గొంతు వచ్చింది. ఇద్దరూ పరుగున వెళ్లారు. ఆయన దిండుకానుకుని కూర్చున్నాడు.

"వెలుతురూ లేదు, గిలుతురూ లేదు. అబద్ధం చెప్పాను. మొదటి ఇంటర్వ్యూ రోజు కంప్యూటర్లో ఒక పెద్దమనిషి నిన్నడిగాడు చూడు, ఖాళీ గది వేడెక్కితే ఎవరికి బాధ, మనిషుంటే ఎలా ఉంటుందో చెప్పగలరా అని? నువ్వు నీళ్లు నమిలావు. తర్వాత కుళాయి తిప్పుకుని ఏడ్చావు. ఆ చప్పుడులో నాకు వినపడదనుకున్నావు."

"అందుకని మీరు..."

"అందుకని నేనే ఆ మనిషినయ్యాను. ఇంజను పక్కన కూర్చుని జీవితమంతా బస్సు నడిపినవాణ్ణి, నాకీ వేడో లెక్కా అనుకున్నాను. ఒళ్లు పాతబడిన సంగతి మర్చిపోయాను. పోనీలే, ఇప్పుడు చెప్పు వాళ్లకి. మనిషుంటే ఇలా ఉంటుందని."

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అది పనికిరాదండీ మావయ్యగారూ. ఒక్క మనిషి చాలడు. పైగా మీరు నా పక్షం."

పెద్దాయన మొహం చిన్నబోయింది. "అయితే ఇన్నాళ్లూ నేను ఉడికింది ఉత్తినేనా?"

"ఉత్తినే," అంటూ ఆవిడ ఆయన పాదాల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. తన చదువు కోసం పుట్టింట్లో కూడా ఎవరూ ఒక పూట ఇబ్బంది పడింది లేదు. ఈయన ఇన్నాళ్లూ పడ్డాడు, నోరు విప్పకుండా.

భర్త తలొంచుకుని నిలబడ్డాడు. భార్యని ఎన్నిసార్లు చెప్పావని నిలదీశాడు కానీ, తను తండ్రి గదిలో కూర్చుని మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. కాసేపటికి వంగి, బకెట్టు అందుకున్నాడు.

"ఎన్ని పూతలు?"

"రెండు," అందావిడ కళ్లు తుడుచుకుంటూ.

ఎండ తగ్గాక ఇద్దరూ డాబా ఎక్కారు. ఆయన డాబాకంటే తన ప్యాంటుకే ఎక్కువ రంగు వేసుకున్నాడు.

మంగళవారం ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుంది. తండ్రీ కొడుకులు గుమ్మం తెర చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. రెండో సగానికీ రంగు వేసేసిన సంగతి దాచకుండా ముందే చెప్పేసింది.

"నెల గడువుండగా రెండో సగానికి రంగెందుకు వేశారు?" అని అడిగాడు అదే పెద్దమనిషి. "పోల్చి చూడ్డానికిక ఏం మిగిలింది?"

"ఏమీ మిగల్లేదండీ. కానీ దాని కింద మా నాన్న ఉన్నారు."

తెర వెనక పెద్దాయన కొడుకు భుజం పట్టుకున్నాడు.

"ఈ వేసవి లెక్క అసంపూర్తే," అందావిడ. "మీరు అవకాశమిస్తే ముందు రెండు ఖాళీ షెడ్లు వేసుకుంటాను. రంగు లేని కప్పు కింద ఇంకెవర్నీ ఉండనివ్వను."

 అవతలి నుంచి ఆ పెద్దమనిషి మెల్లగా అడిగాడు.

"ఇప్పుడెలా ఉన్నారమ్మా, మీ నాన్నగారు?"

ఆవిడ నోరు తెరిచేలోపే, "బాగున్నానండీ!" అని తెర వెనక నుంచి గట్టిగా వినిపించింది.

ఫెలోషిప్ వచ్చిన కబురు తర్వాతి వారం తెలిసింది. పెద్దాయన వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చాడు. ఎవరికి వచ్చిందండీ అని అడిగినవాళ్లలో ఒక్కరికీ కోడలికని చెప్పలేదు. "మా అమ్మాయికి," అన్నాడు.