రెండు కప్పుల పైన సింహం

ఉదయం తొమ్మిదీ పదికి ఇంటెలిజెన్స్ చీఫ్ టేబుల్ మీద ఒక కవరు పడింది. లోపల ఉత్తరం లేదు. ఒకే ఒక్క టారో కార్డు, జోస్యం చెప్పేవాళ్ళు వాడే బొమ్మల కార్డు.

పంపింది నెమలి అనే మారుపేరున్న ఆమె. విదేశీ ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి పనిచేసే డబుల్ ఏజెంట్. ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి చూడకుండా ఉండలేని మనిషి.

చీఫ్ కార్డుని సూది ముందుకు తోశాడు. సూది కూడా మారుపేరే; ఆమె ఒకప్పుడు ఫీల్డ్ ఏజెంట్. పాప పుట్టాక డీకోడింగ్ సీటుకి మార్చారు. పదకొండింటికి హోటల్ లాబీలో నెమలి నుంచి ముఠా సభ్యుల లిస్టు అందుకోవలసిన ఏజెంట్ సూది భర్త. రెండు నెలలుగా అతని కవర్ స్టోరీ, నెమలి ప్రియుడు.

కార్డు మీద ఒక మగవాడు, ఒక ఆడమనిషి ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో చెరో కప్పు. మధ్యలో కర్రకి చుట్టుకున్న రెండు పాములు. ఆ పైన రెక్కలున్న సింహం తల. వెనకాల ఎక్కడో చిన్న ఇల్లు.

"టూ ఆఫ్ కప్స్. సమాన భాగస్వామ్యం అని మాన్యువల్లో ఉంది. అంటే రూట్ క్లియర్. మనవాణ్ణి పంపొచ్చు," అన్నాడు చీఫ్.

"చేతులు చూడండి సార్. చెయ్యి చాచింది మగవాడు. ఆవిడ తన కప్పు రెండు చేతులతో పట్టుకునే ఉంది. ఏదీ ఇవ్వదు. తీసుకుంటుంది."

"మరి ఆ ఇల్లు?"

"నాది."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది డీకోడింగ్ కాదమ్మా. కుళ్ళు."

సూది కాదనలేదు. పాపకి ఒళ్ళు వెచ్చబడిందని చెప్పి ఒక పూట సెలవు అడిగింది. ఆడిన అబద్ధం ఎక్కడ నిజమైపోతుందోనని మెట్లు దిగుతూనే అత్తగారికి రెండుసార్లు ఫోన్ చేసింది. పాప ఆడుకుంటోంది.

పదకొండుకి పది నిమిషాల ముందు, హోటల్ లాబీ మీదకి తెరుచుకున్న మొదటి అంతస్తు బాల్కనీలో, హౌస్‌కీపింగ్ యూనిఫాంలో ఒకామె నేల తుడుస్తోంది. ఆ మాప్ కర్రలో షాక్ కొట్టే స్టన్ గన్ ఉంది. బటన్ పిడి దగ్గర.

కింద సూది భర్త నెమలి కప్పులో పంచదార వేసి కలుపుతున్నాడు. ఇంట్లో తాగిన గ్లాసు సింకులో పెట్టిన పాపాన పోని మనిషి. ఎన్ని చెంచాలని అడగలేదు కూడా. అంటే తెలుసు. సూది అదే టైల్‌ని నాలుగోసారి తుడిచింది.

చూడలేక తల పక్కకి తిప్పుకుంది. రెయిలింగ్ చివర కుర్చీలో ఒక టూరిస్టు. మెడలో కెమెరా. ముందున్న కాఫీ మీద తొరక కట్టింది. అతనూ ఆ ఇద్దరినే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

వాళ్ళని అంతలా చూడాల్సిన ఖర్మ లోకంలో తనకి తప్ప ఇంకెవరికి ఉంది?

సింహం. ఇద్దరి పైనుంచీ చూసే మూడో తల. తను చేతుల దగ్గరే ఆగిపోయింది. నిఘాలో ఉన్న నెమలి మాట రాయలేక బొమ్మ పంపింది: మా పైన ఒకడుంటాడు.

టూరిస్టు కెమెరా ఎత్తాడు. లెన్సుకి అద్దం లేదు. లోపల సన్నటి గొట్టం. అతని వేలు బిగుసుకునేసరికి మాప్ కర్ర మెడకి తగిలింది. గురి తప్పిన బుల్లెట్ భర్త చేతిలోని కప్పుని పగలగొట్టింది. పిడి ఒక్కటీ వేలికి మిగిలింది.

నిమిషంలో నెమలి పైకి వచ్చి లిస్టు సూది చేతిలో పెట్టింది.

"పొద్దున్నే కార్డు పంపాను కదక్కా. మీ ఆఫీసులో ఒక్కరూ పైకి చూడలేదా?"

"చూడలేదు. నీ పంచదార లెక్క ఆయనకెలా తెలుసు?"

"ఎక్కడ తెలుసక్కా. రెండు నెలల్నించీ నాలుగేసి చెంచాలు పోస్తున్నాడు. వద్దంటే కవర్ పోతుందని మింగుతున్నా."

నాలుగు చెంచాలు సూది లెక్క.

వారం తిరక్కుండా చీఫ్ కొత్త ఆర్డరు వేశాడు. సూది, నెమలి ఒక జట్టు. భర్తకి డీకోడింగ్ సీటు. ఆ సాయంత్రం పాపని భుజాన వేసుకుని తిప్పుతూ అతను మూడోసారి అడిగాడు, ఇంతకీ మీరిద్దరూ అన్నేసి గంటలు ఏం మాట్లాడుకుంటారని.

క్లాసిఫైడ్ అంది సూది.